దొరికిన వస్తువు, పోయిన ఆనవాలు
కతర్‌గామ్ నుంచి అమరావతి వరకు: పురావస్తు సేకరణ అభిరుచిపై ఒక విమర్శ

సూరత్ నగరంలోని కతర్‌గామ్ నేడు వజ్రాలకు సానపట్టే పనికి పేరుపొందిన పేట. అక్కడి పనిశాలల్లో రాయి ఒక చేతి నుంచి మరొక చేతికి ఒంటరిగా వెళ్లదు. చిన్న మడతకాగితపు పొట్లంలో వెళ్తుంది. పొట్లం మీద దాని తూకం రాసి ఉంటుంది. కాగితానికి విలువ లేదు, విలువంతా రాతిదే. అయినా పొట్లం మీది రాత తారుమారైతే రాయి ఎవరిదో, ఏ సరుకులోదో తేల్చడం కష్టమవుతుంది. అందుకే పనివారు రాతిని ఎంత జాగ్రత్తగా చూసుకుంటారో ఆ రాతను కూడా అంత జాగ్రత్తగానే చూసుకుంటారు.

పాతకాలపు వస్తువులను వెదికి పోగుచేసే అభిరుచిని పరిశీలించడానికి ఈ పొట్లం మంచి గీటురాయి. దున్నిన చేలలో పెంకులు ఏరేవారు, నదీతీరాల్లో నాణేలు వెదికేవారు, వారపు సంతల్లో పాత విగ్రహాలు కొనేవారు తమ ముచ్చటను చరిత్రసేవగా భావిస్తారు. ఆ భావనలో కొంత నిజమున్నది. మట్టిలో తొక్కిడిపడే దానిని గుర్తుపట్టే కన్ను అందరికీ ఉండదు. అయితే ఆ కన్ను వస్తువును పట్టుకున్న క్షణంలోనే, ఆ వస్తువు ఎక్కడ ఉన్నది, దేనితో కలిసి ఉన్నది, ఏ లోతున ఉన్నది అన్న సమాచారాన్ని చాలాసార్లు వదిలివేస్తుంది. రాయి మిగులుతుంది, పొట్లం పోతుంది. ఈ అభిరుచిపై రావలసిన విమర్శ ఇక్కడి నుంచే మొదలుకావాలి.

కతర్‌గామ్ పరిసరాల సాక్ష్యం

ఇటువంటి చర్చకు కతర్‌గామ్ పరిసరాలు అనువైన చోటు. తెలంగాణ నుంచి వలసవెళ్లిన నేతకుటుంబాల వల్ల సూరత్ పేరు తెలుగువారికి పరిచితమే. ఆ నగరపు పాతపొరలు మాత్రం అంతగా పరిచితం కావు. కతర్‌గామ్ దర్వాజా దగ్గరి ఆంగ్లేయుల శ్మశానవాటికలో, 1659లో మరణించిన క్రిస్టఫర్ ఆక్సెండెన్‌కు, 1669లో మరణించిన అతని సోదరుడు సర్ జార్జ్ ఆక్సెండెన్‌కు కట్టిన గుమ్మటపు సమాధి ఉన్నది. సమీపంలోని డచ్చివారి వాటికలో, మలబారు మొక్కలపై ‘హోర్తుస్ మలబారికుస్’ అనే బృహద్గ్రంథాన్ని వెలువరింపజేసిన హెన్డ్రిక్ వాన్ రేడే సమాధి ఉన్నది. అతడు 1691లో మరణించాడు. ఈ కట్టడాలను ఎవరూ జేబులో వేసుకొని పోలేరు. కట్టిన చోటనే నిలవడం వల్ల అవి తమ గురించే కాక ఇరుగుపొరుగు గురించి కూడా చెబుతాయి. ఆంగ్లేయుల సమాధి ఎంత ఎత్తున్నదో, దానికి దీటుగా డచ్చివారు ఎంత ఎత్తున కట్టారో పక్కపక్కన చూసినవారికి ఆనాటి వర్తక సంస్థల పోటీ ఏ గ్రంథమూ చదవకుండానే అర్థమవుతుంది.

తాపీకి ఆవలి ఒడ్డున వరియావ్ అనే ఊరున్నది. రాష్ట్రకూటుల లాట శాఖకు చెందిన శక 810 నాటి తామ్రశాసనంలో కనిపించే ‘వరియవి’ విభాగం పేరును పండితులు ఈ ఊరితో గుర్తించారు. ఆ శాసనాల్లోనే బౌద్ధ పాఠకునికి ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. లాట రాష్ట్రకూటుడైన దంతివర్మ 867లో కాంపిల్య విహారంలోని ఆర్యసంఘానికి ఒక గ్రామాన్ని దానమిచ్చాడు. పూజకు కావలసిన గంధపుష్ప ధూపదీపాలకు, విహారంలో శిథిలమైన భాగాల మరమ్మతుకు ఆ దానం ఉద్దేశించినది. మరి పదిహేడేళ్లకు, శక 806లో, ఆ శాఖకే చెందిన ధ్రువుడు అదే విహారానికి మరొక గ్రామమిచ్చాడు. సింధుదేశపు సంఘానికి చెందిన అయిదువందల మంది భిక్షువులు అక్కడ నివసించినట్లు ఈ శాసనాల ద్వారా తెలుస్తున్నది. సింధు దేశంలో అరబ్బుల పాలన మొదలై శతాబ్దంన్నర గడచిన కాలమది. బౌద్ధం పశ్చిమ తీరంలో ఎప్పుడు, ఎట్లా సన్నగిల్లిందన్న ప్రశ్నకు ఇంత సూటిగా సాక్ష్యమిచ్చే ఆధారాలు అరుదు.

పండితులు సూరత్ జిల్లా పరిధిలో వెదికిన ఆ విహారం గురించి నేడు మాట్లాడగలగడానికి ప్రధాన కారణం ఆ రాగిరేకులే. అవి కరిగించే కొలిమికి పోకుండా చదివేవారి చేతికి చేరాయి. విద్వాంసులు వాటి పాఠాన్ని ముద్రించారు. కాని అటువంటి విహారం రాగిరేకులను మాత్రమే మిగిల్చి పోదు. ఇటుకలు, పెంకులు, మట్టిముద్రలు, చిన్న మొక్కుస్తూపాలు మిగులుతాయి. నలందలో దొరికిన మట్టిముద్రలపై అక్కడి మహావిహారం పేరు, భిక్షుసంఘం పేరు ఉండడం వల్ల ఆ శిథిలాలు ఏవో నిస్సందేహంగా తేలింది. సూరత్ జిల్లాలో ఏదో ఒక చేనిలో వానకు అటువంటి ముద్ర ఒకటి బయటపడవచ్చు. దానిని ఒక అభిరుచిపరుడు ఏరుకొని, చోటు రాసుకోకుండా, తన పెట్టెలోని ఇతర ముద్రల మధ్య కలిపితే అయిదువందల మంది భిక్షువుల నివాసం రెండవసారి అదృశ్యమవుతుంది. మొదటిసారి కాలం చేసిన పని అది. రెండవసారి ఆ పని చేసేది ముచ్చట.

వినయంలో దొరికిన సొత్తు

దొరికిన వస్తువును ఎట్లా చూడాలన్న ప్రశ్న బౌద్ధ సంప్రదాయానికి కొత్తది కాదు. భిక్షు ప్రాతిమోక్షంలోని పాచిత్తియ నియమాల్లో ఎనభైనాలుగవది రత్నాలను, విలువైన వస్తువులను గురించినది. ఆరామంలో గాని నివాసంలో గాని తప్ప మరెక్కడా భిక్షువు అటువంటి వస్తువును ఎత్తుకోరాదు, ఎత్తించరాదు. ఆ రెండు చోట్ల దొరికినదానిని కూడా, పోగొట్టుకున్నవారు వచ్చి తీసుకుపోతారన్న తలంపుతోనే పక్కన పెట్టాలి.

నియమానికి మూలంగా చెప్పిన కథ ఆసక్తికరం. అచిరవతీ నదిలో స్నానానికి వచ్చిన ఒక బ్రాహ్మణుడు అయిదువందల నాణేల సంచిని గట్టున మరచిపోయాడు. ఒక భిక్షువు దానిని భద్రపరచి తిరిగి ఇచ్చాడు. దొరికినవానికి బహుమానం ఇవ్వవలసి వస్తుందని ఆ బ్రాహ్మణుడు తన సొమ్ము అయిదువందలు కాదు, వేయి అన్నాడు. దొరికిన సొత్తు చుట్టూ ఆశ ఎట్లా అల్లుకుంటుందో ఈ చిన్న కథ చూపుతుంది.

నియమ వివరణలో నేటి పురావస్తు శాస్త్రానికి అతి సమీపంగా వచ్చే అంశం ఒకటున్నది. దొరికిన వస్తువును దాచేముందు దాని రూపాన్ని గాని, గుర్తును గాని బట్టి ఆనవాలు పెట్టుకోవాలి. తరువాత దానిని చాటాలి. ఎవరైనా వచ్చి తమదంటే వస్తువు ఎట్లా ఉంటుందని అడగాలి. సరిగా చెప్పినవారికే ఇవ్వాలి. ఆనవాలు పెట్టుకోవడం, అందరికీ తెలియజేయడం, తన సొత్తుగా భావించకపోవడం అన్న ఈ మూడు పనులనే పురావస్తు శాస్త్రజ్ఞుడు నమోదు, ప్రచురణ, అప్పగింత అంటాడు. వినయకారులకు పురావస్తువుల ఆలోచన లేదు. అయినా దొరికినవానికీ దొరికినదానికీ మధ్య ఉండవలసిన సంబంధాన్ని వారు స్పష్టంగా నిర్ణయించారు.

పేరు మారిన ఫలకాలు

ఈ మూడు పనుల్లో ఏది లోపించినా ఏమవుతుందో అమరావతి చరిత్ర చెబుతుంది. పద్దెనిమిదవ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన కొత్త పట్టణాన్ని కట్టించే రోజుల్లో దీపాలదిన్నె నుంచి ఇటుకలు, రాళ్లు తరలిపోయాయి. అదే కాలంలో కాలిన్ మెకంజీ ఆ దిబ్బను చూశాడు. 1816లో తిరిగివచ్చి తన చిత్రకారుల చేత ఫలకాల బొమ్మలు గీయించాడు. అతని సర్వేలకు కావలి సోదరుల వంటి తెలుగువారి చదువు ఎంతగా తోడ్పడిందో తెలిసినదే. మెకంజీ చేసినదంతా నిర్దోషమని చెప్పనక్కరలేదు. కాని అతని బొమ్మల్లోని కొన్ని ఫలకాలు తరువాత నశించాయి. అవి నేడు ఆ బొమ్మల్లోనే బతికి ఉన్నాయి. అతడు తరలించినదానికంటె నమోదు చేసినదే ఎక్కువ కాలం మిగిలింది.

తరువాతివారి తీరు వేరు. 1830 ప్రాంతంలో మచిలీపట్నంలో రాబర్ట్‌సన్ అనే అధికారి కొన్ని ఫలకాలను తెప్పించి సంతవీధిలో ఒక దిబ్బ చుట్టూ అలంకారంగా నిలబెట్టించాడు. బోధిసత్త్వుల కథలు సంతకు శోభ అయ్యాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన ఫలకాలు మద్రాసు చేరి చాలాకాలం ఆరుబయట పడి ఉన్నాయి. 1859లో అవి లండన్‌కు వెళ్లాయి. అక్కడ వాటికి ‘ఇలియట్ మార్బుల్స్’ అన్న పేరు స్థిరపడింది. ఆ పేరులో రెండు తప్పులున్నాయి. ఆ ఫలకాలు ఇలియట్‌వి కావు. వాటిని చెక్కించినవారు ఉపాసకులు, భిక్షుణులు, వర్తకులు, గృహపతులు. వారి పేర్లు చాలా ఫలకాలపై దానశాసనాలుగా ఉన్నాయి. పైగా ఆ రాయి పాలరాయి కాదు, పల్నాటి సున్నపురాయి. దాత పేరు రాతిపైనే ఉండగా సేకర్త పేరుతో ఆ రాతిని పిలవడం ఈ అభిరుచికి ఉన్న అసలు రుగ్మతను బయటపెడుతుంది. ఇక 1880లో మద్రాసు గవర్నరు ఆదేశంతో దిబ్బనంతా తవ్విపోసిన తరువాత, మహాచైత్యం నిలిచిన చోట చాలాకాలం ఒక గొయ్యి మిగిలింది.

ఇది వలసపాలనతో ముగిసిన కథ కాదు. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధక్షేత్రం నుంచి అపహరణకు గురైన ఒక శిల్పఫలకాన్ని ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాల 2005లో న్యూయార్క్ వ్యాపారి దగ్గర కొన్నది. బుద్ధుని ఆరాధకులను చూపే ఆ ఫలకం 2016లో భారతదేశానికి తిరిగివచ్చింది. దాని స్వస్థలం నిరూపణ కావడానికి పాత ఛాయాచిత్రం తోడ్పడింది. వినయం చెప్పిన ఆనవాలు ఇదే. ముందుగా ఎవరో గుర్తు పెట్టుకున్నందువల్లనే తరువాత అడగడం సాధ్యమైంది. చిత్రం తీయని ఫలకం తిరిగి రావలసివస్తే దాని తరఫున ఎవరు, ఏమి చూపి అడుగుతారు?

ఒకే మనిషిలో రెండు పద్ధతులు

సేకర్తలందరినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. సౌరాష్ట్రలోని జునాగఢ్‌లో పుట్టిన భగవాన్‌లాల్ ఇంద్రజీ జీవితం ఇందుకు ఉదాహరణ. విశ్వవిద్యాలయ శిక్షణ లేకుండా, గిర్నార్ శాసనాన్ని చదవాలన్న బాల్యపు కుతూహలం నుంచి ఆయన మహాపండితుడయ్యాడు. 1869లో మథురలో శీతలాదేవి అరుగు మెట్లలో కట్టుబడి ఉన్న సింహస్తంభ శిరస్సును ఆయన గుర్తించాడు. దానిపై ఉన్న ఖరోష్ఠీ శాసనాలు బుద్ధధాతు నిక్షేపాన్ని, సర్వాస్తివాదులకు ఇచ్చిన దానాన్ని తెలుపుతాయి. ఆయన చూపు లేకపోతే అది మెట్టుగానే అరిగిపోయేది. కాని ఆయన దానిని తన సొంత సేకరణలో ఉంచుకొని, మరణానంతరం బ్రిటిష్ మ్యూజియంకు చెందేట్లు రాశాడు. ఏ స్తూపంలో ధాతువు నిక్షిప్తమైందో చెప్పే రాయి ఆ స్తూపమున్న నేలకు దూరమైంది.

1882లో సోపారా స్తూపాన్ని తెరచినవాడూ ఆయనే. అక్కడ ఆయన పద్ధతి వేరు. రాతిపేటికలో ఒకదానిలో ఒకటిగా అమరిన భరిణెలను, బంగారు భరిణెలోని భిక్షాపాత్ర శకలాలను, చుట్టూ నిలిచిన ఎనిమిది కంచు విగ్రహాలను, యజ్ఞశ్రీ శాతకర్ణి వెండినాణేన్ని వాటి వాటి స్థానాలతో సహా వివరించి ప్రచురించాడు. ఆ వివరణ ఉన్నందువల్లనే తరువాతి పండితులు నాణెం ముందుకాలానిదని, విగ్రహాలు శతాబ్దాల తరువాతివని గుర్తించి, స్తూపాన్ని మధ్యలో ఒకసారి తెరచి తిరిగి మూసి ఉంటారని చర్చించగలిగారు. నాణెం ఒక పెట్టెలోకి, విగ్రహాలు వేరొక పెట్టెలోకి ముందే పోయి ఉంటే ఆ చర్చకే తావుండేది కాదు. మనిషి ఒకడే, పాండిత్యమూ ఒకటే. మథురలో ఆయన వస్తువును రక్షించాడు. సోపారాలో వస్తువుల మధ్య సంబంధాన్ని కూడా రక్షించాడు. రెండవదే గొప్ప పని.

రత్నం వెల, నిక్షేపం విలువ

సంబంధాన్ని తెంచితే ఏమి మిగులుతుందో ఇటీవలి ఉదంతమొకటి లోకానికి చూపింది. 1898లో పిప్రహ్వా స్తూపాన్ని అక్కడి భూస్వామి విలియం పెప్పే తన ఆసక్తికొద్దీ తవ్వించాడు. పెద్ద ఇసుకరాతి పేటికలో శాక్యుల పేరున్న శాసనభరిణె, అస్థిధాతువులు, వాటితోపాటు సమర్పించిన వందలాది రత్నాలు, ముత్యాలు, పగడాలు, బంగారు రేకులు లభించాయి. ధాతువులు సియాం రాజుకు వెళ్లాయి. రత్నాల్లో ఎక్కువ భాగం కలకత్తా ఇండియన్ మ్యూజియంకు చేరింది. ‘నకలు ప్రతులు’ అన్న పేరుతో కొంత భాగాన్ని తవ్వించిన కుటుంబానికి వదిలారు. ఆ కుటుంబపు వాటా 2025 మే 7న హాంకాంగ్‌లో సోత్‌బీస్ వేలానికి సిద్ధమైంది. భారత ప్రభుత్వం అభ్యంతరం తెలపడంతో వేలం ఆగింది. ఒక పారిశ్రామిక సంస్థ సాయంతో జూలైలో రత్నాలు దేశానికి తిరిగివచ్చాయి.

ఇక్కడ విమర్శకు గురికావలసింది ముందుగా ‘నకలు’ అన్న ఆ మాట. ధాతువుతోపాటు భక్తితో పెట్టిన ముత్యాల్లో ఒకటి అసలు, ఇంకొకటి నకలు ఎట్లా అవుతుంది? సేకర్త దృష్టిలో ఒకే రకానికి చెందిన రెండు వస్తువుల్లో ఒకటి మిగులు. దాత దృష్టిలో అవన్నీ కలిసి ఒకే సమర్పణ. కతర్‌గామ్ పనిశాలలో ఆ రత్నాలను తూచి చూస్తే, అక్కడ నిత్యం చేతులు మారే వజ్రాల ముందు వాటి వెల ఏపాటిది? వేలంశాలలో వాటికి ధర వచ్చినది ధాతువు పక్కన ఉన్నందువల్లనే. వాటిని ఆ ధాతువుకు దూరం చేసిన చరిత్రే, ఆ సామీప్యాన్ని చూపి వాటికి ధర కట్టింది. ఈ వైరుధ్యాన్ని గుర్తించకుండా తిరిగిరాకను వేడుకగా మాత్రమే చూడడం సరిపోదు.

అభిరుచి చేయగల మేలు

అభిరుచిని నిషేధించాలన్నది ఈ విమర్శ సారాంశం కాదు. తెలంగాణలో గోదావరి ఒడ్డునున్న కోటిలింగాల ఉదాహరణ చాలు. అక్కడ మట్టిలో బయటపడిన నాణేలను ధర్మపురికి చెందిన ఒక స్థానిక సేకర్త ఓపికగా ఏరి, అవి ఎక్కడివో దాచకుండా, పి.వి.పరబ్రహ్మశాస్త్రి పరిశీలనకు అందజేశాడు. వాటిపై గోభద, సమగోప వంటి రాజుల పేర్లు, శాతవాహన వంశకర్త చిముకుని పేరు వెలుగుచూశాయి. శాతవాహనుల తొలినాళ్ల గురించిన చర్చ ఆ నాణేలతో మలుపు తిరిగింది. వాటి లోహం వెల స్వల్పం. ‘కోటిలింగాలలో దొరికినవి’ అన్న ఒక్క మాటే వాటిని చరిత్రకు పనికివచ్చేట్లు చేసింది. అదే నాణేలు ఏ నగరపు నాణేల దుకాణంలోనో కనిపించి ఉంటే పేర్లు మాత్రమే మిగిలేవి, చోటు మిగిలేది కాదు.

చట్టం ఈ భేదాన్ని పూర్తిగా పట్టుకోలేదు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలంటుంది. ఒప్పందం కుదరనప్పుడు కనుగొన్నవారికి మూడువంతులు, స్థలయజమానికి ఒక వంతు చెందుతుందంటుంది. అచిరవతి గట్టున బ్రాహ్మణుడు తప్పించుకోజూసిన బహుమానమే ఇక్కడ వాటాగా మారింది. విహారం పేరున్న మట్టిముద్ర సంతలో పది రూపాయలు కూడా చేయకపోవచ్చు. నూరేళ్లు దాటిన శిల్పాలు మొదలైనవాటిని పురావస్తువులుగా నిర్వచించి, ఎగుమతిని ప్రైవేటు వ్యక్తులకు నిషేధించి, కొన్ని తరగతుల వస్తువుల నమోదును తప్పనిసరి చేసిన 1972 నాటి చట్టం ఎంతో మెరుగైనది. అయినా నమోదు పత్రం వస్తువు ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నదో చెప్పగలదు. ఎవరూ రాసుకోని లభ్యస్థానాన్ని తిరిగి సృష్టించలేదు. ఆ పని కనుగొన్నవాడు కనుగొన్న గడియలోనే చేయాలి. వస్తువును కదపకుండా చిత్రం తీయాలి. ఊరు, చేను, లోతు, పక్కనున్నవి రాసుకోవాలి. పురావస్తు శాఖకు తెలపాలి.

బాధ్యత సేకర్తలతో ఆగదు. విహారాలకు, పరిశోధన సంస్థలకు భక్తులు పాత బుద్ధవిగ్రహాలను కానుకగా తెస్తుంటారు. భక్తితో తెచ్చినదానిని ప్రశ్నించడం మర్యాద కాదన్న సంకోచంతో అది ఎక్కడిదని అడగకుండా పీఠమెక్కించడం జరుగుతున్నది. పూజలందుకునే ఆ ప్రతిమ మరొక శిథిల విహారం నుంచి ఊడివచ్చినది కావచ్చు. ఇయ్యనిదానిని గ్రహించరాదన్న శీలాన్ని నిత్యం పఠించే చోట, ఇచ్చినవాడికి ఇచ్చే హక్కు ఉన్నదా అన్న ప్రశ్న అమర్యాద కానేరదు. తెచ్చినవారిని అవమానించకుండా ఆ వివరం అడిగి, రాసుకొని, సందేహముంటే శాఖకు తెలపడం ధర్మానికి చేసే సేవే. పరిశోధకుల విషయం కూడా ఇంతే. మూలం చెప్పని సేకరణలోని వస్తువును ప్రశంసతో ప్రచురించిన ప్రతి వ్యాసం దాని ధరను పెంచుతుంది.

కాంపిల్య విహారపు భిక్షువులు సింధు నుంచి ఏ ప్రతిమలను, ఏ గ్రంథాలను మోసుకొచ్చారో తెలియజెప్పే సాక్ష్యం తాపీ పరిసరాల మట్టిలో ఉండవచ్చు. అది రేపు బయటపడితే మొదట చూసేది పండితుడు కాకపోవచ్చు. పునాది తవ్వే కూలీ గాని, సెలవునాడు చేలగట్ల వెంట తిరిగే యువకుడు గాని కావచ్చు. వారికి తెలియవలసిన విద్య కతర్‌గామ్ సానపనివారికి ఈనాటికే తెలుసు. రాయి చేతికందగానే వారు ముందు పొట్లం మీది రాతను చూస్తారు.